అంట్లు

జూన్ నెలలో చిత్తూరు దారి ముక్కుకే తెలిసిపోతాది.
గుజ్జు ఫ్యాక్టరీ వెనక
టెంకల గుట్ట, ఈగల మోత,
పులిసిన తీపి.
లారీవాళ్లు అద్దాలెక్కించుకుని పోతారు.
మేము ఆ గుట్ట మీదికే ఎక్కినాం.

నా పేరు ఢిల్లీరాణి.
ఢిల్లీ చూళ్ళేదు. రాణి సంగతి సరే.
డిగ్రీ పాసై మూడేండ్లు
సీజన్‌కి అరవై దినాలు బెల్టు ముందర నిలబడి
తోతాపురి తొడిమలు కోసినా.
అరవై ఒకటో దినం గేటు కాడ
వాచ్‌మన్‌కి నా ముఖం గుర్తుండేది కాదు.

తోటల శాఖలో మాలీగా చేసి దిగిపోయిన దొరస్వామన్న
ఒక పొద్దు గుట్టలోంచి టెంక తీసి
చెవి కాడ ఊపి చూసినాడు.
చప్పుడు రాలేదు.
"జీడి బతికే ఉండాది మేయ్.
పదైదు దినాలే దీనికి ఆయుస్సు,
ఆలోపల మన్ను చూపించల్ల."

పదకొండు మందిమి చేరినాం.
బెంగుళూరులో రాత్రులన్నీ ఏటీఎమ్ముకు కాపలా కాసి వచ్చిన జ్ఞానశేఖరు,
ఎర్రచందనం కూలికి పోబోయి
బస్సు తప్పిపోయి బతికిపోయిన హేమాద్రి,
కుట్టుమిషను అమ్మి వాటా కట్టిన షాహీను.

పూచీకత్తు ఏందన్నాడు బ్యాంకు మేనేజరు.
షాహీను సంచిలోంచి ఒక మొలక తీసి బల్ల మీద పెట్టింది.
రాగిరంగు ఆకు, కాలికింకా అంటుకోనున్న టెంక.
ఆయన నవ్వి, ఫైలు పక్కకు జరిపినాడు.
మేము మూడోసారి పోయేలోపల
ఆయన బల్లమీది ఆకు పచ్చబడింది.
ఎవురు నీళ్ళు పోసినారో మేము అడగలేదు.

అంటు కట్టేటప్పుడు ఊపిరి బిగబట్టల్ల.
మొలక తల కోసి, నడుమ చీల్చి,
బేనీషా పుల్లను ఉలిమొనలా చెక్కి
చీలికలో దించి,
పట్టీ చుట్టేదాకా గాలి కూడా దూరకూడదు.
తొలి వెయ్యిలో ఏడునూర్లు చచ్చినాయి.
హేమాద్రి రెండు దినాలు అన్నం ముట్టలేదు.
"మున్నూరు బతికినాయి గదరా"
దొరస్వామన్న బీడీ ముట్టించినాడు, అంతే.

మా అమ్మ ఇప్పటికీ టౌన్‌లో
నాలుగిండ్లలో అంట్లు తోముతాది.
"నీ పనేందే?" అంటే
"నేనూ అంట్లే మా, కట్టేది" అన్నా.
చేతులు కొంగుకు తుడుచుకుంటా
చానాసేపు నవ్వింది.

అవ్వ నవ్వలేదు.
ఆ మాట ఆమెకు ఇంకో పక్కనుంచి తెలుసు.
పెద్దరెడ్డి తోట, బావిగట్టు,
పైనుంచి దోసిట్లోకి పోసిన నీళ్ళు,
ఆమె నిలబడిన చోట
ఆనెక చల్లిన పేడనీళ్ళు.

ఇప్పుడు మనిషికి నెలకు తొమ్మిదివేలు మిగులుతాది.
గొప్పేం కాదు.
అరవై ఒకటో దినం కూడా నాకు పని ఉంటాది.

పోయిన ఆడికృత్తిక ముందర
ఆ తోటాయన మనవడు ట్రాక్టరేసుకొని వచ్చినాడు.
వంగి, ఒక అంటు అతుకు కాడ వేలితో నిమిరి
"బాగా కలిసిందే, ఎవురు కట్టింది?" అన్నాడు.
షాహీను నన్ను చూపించింది.
"ఓహో" అన్నాడు.
ఆ ఓహోలో ఏముందో నేను వెతకలేదు.
రేటు తగ్గించమన్నాడు.
అదీ చెయ్యలేదు.

అవ్వ ఆ పొద్దు షేడ్‌నెట్ కింద కూర్చోనుండింది.
ట్రాక్టరు మలుపు తిరిగినంక
"ఎన్ని పోయినాయి ఆడికి?" అనింది.
"మున్నూరవ్వా."
వేళ్ళు ముడుచుకుంటా ఏందో లెక్కేసుకునింది.
"అవి కాపుకొచ్చే నాటికి నేనుండను.
నువ్వు మాత్రం ఒకసారి పోయి చూసిరా.
దప్పికైతే
చెంబు అడిగి తాగు."

నేను పట్టీచుట్టలోంచి
ఇంకో జానెడు కోసినా.